తొంభై ఐదో గడి

టకటకమ్మ చేతులు వణుకుతున్నాయని మొట్టమొదట కాగితం మీద పెట్టినవాడు మేనేజరుగారు. వయసు మీద పడింది, చూపు ఆనడం లేదు, కుడిచేతి చిటికెన వేలు అదుపులో లేదు అని నాలుగు ముక్కలు రాసి, కింద సంతకం గీకి, ఆ కాగితాన్ని తనే స్వయంగా పట్టుకుని ఆస్పత్రి నేలమాళిగలోకి దిగివచ్చాడు. మామూలుగా ఆయన అక్కడికి రాడు. ఆ ఏసీ చలికి ఆయనకి తుమ్ములొస్తాయి.

నేలమాళిగలో ఉండేది పాత కంప్యూటరు. బీరువాలంతేసి పెట్టెలు నాలుగు, టేపులు తిరిగే యంత్రాలు రెండు, చివర్లో ఆకుపచ్చ అక్షరాల తెర ఒకటి. ముప్ఫై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల జబ్బులన్నీ మోసి మోసి ఇప్పుడు రిటైరవబోతోంది. దాని మనసు తెలిసిన మనిషి ఆస్పత్రి మొత్తంలో ఒక్కతే మిగిలింది. మిగతా ప్రోగ్రామర్లంతా మూడో అంతస్తులో కొత్త యంత్రాల దగ్గరికి కాపురం మార్చేసి, పోతూ పోతూ ఈమెకి 'పాతింటి కోడలు' అని పేరు పెట్టిపోయారు. మొదట్లో ఉడుక్కునేది. తర్వాత్తర్వాత ఫోనెత్తి తనే "కోడల్ని మాట్లాడుతున్నా, చెప్పండి" అనడం మొదలుపెట్టింది.

"చూడమ్మా," అన్నాడు మేనేజరుగారు, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని. "శనివారం గొడవ నీకూ తెలుసుగా."

తెలియకేం. అప్పటికే అది మెట్ల మీదా క్యాంటీనులోనూ నలిగి నలిగి పీచైపోయింది. చెయ్యి కోసుకుని వచ్చిన ఒక మెకానిక్కుకి నర్సు ఇంజెక్షను సిద్ధం చేసింది. చేసేముందు పద్ధతిగా కొత్త తెర మీద అతని పాత వివరాలు తీసి చూసింది. చివరి గడిలో ఒక మందు పేరుంది, అంతే, ముందూ వెనకా ఏమీ లేదు. ఇంతకుముందు ఇతనికి ఇదే ఇచ్చారు కాబోలు, మంచిదే, అనుకుని సూది ఎక్కించబోయింది. బల్ల మీద కూర్చున్న మెకానిక్కు అక్క ఆ సీసా మీద పేరు చూసి ఒక్క గెంతు గెంతింది. "అది వాడికి పడదు! చిన్నప్పుడు ఇదే ఇస్తే చచ్చి బతికాడు!" అని అరిచిన అరుపుకి వార్డు వార్డంతా లేచి నిలబడింది. పాత కాగితాలు తీస్తే డాక్టరు ఎర్రసిరాతో స్పష్టంగా రాసే ఉంది, పడదు అని. కంప్యూటర్లో మాత్రం మందు పేరొక్కటే ఉంది. ఎక్కించింది ఏడో నంబరు ఆపరేటరు. ఏడో నంబరంటే టకటకమ్మ.

"ఆవిణ్ణి అడిగారా?"

"అడిగాం. పెట్టాను, పెట్టాను అంటుంది. ఏం పెట్టావమ్మా, ఏదీ చూపించు అని తెర ఆవిడ వైపు తిప్పాను. చూపించలేకపోయింది." మేనేజరుగారు తుమ్మాడు. "శుక్రవారం విచారణ. ఆవిడ ఎక్కించినవాటిలో ఇలాంటి తప్పులు ఎన్నున్నాయో నువ్వు లెక్క తీసివ్వాలి. పాత టేపులు చదవగలిగేది నువ్వే కదా. ఇంకెనిమిది నెలల్లో ఎలాగూ రిటైరై పోయే మనిషి. ఇప్పుడే పంపించేస్తే ఇంకెవరి ప్రాణం మీదకీ రాదు."

మధ్యాహ్నం టీకి పైకి వెళ్లినప్పుడు కోడలు కావాలనే నమోదు కిటికీ ముందునుంచి నడిచింది. కిటికీ వెనక టకటకమ్మ కూర్చుని ఉంది. పొట్టి మనిషి, కుర్చీ మీద దిండు వేసుకుంటే గానీ బల్ల అందదు. కళ్లజోడుకి నల్లతాడు. ఆమె కీబోర్డు వంక చూడదు, తెర వంకా చూడదు, ఎదురుగా నిలబడ్డ మనిషి మొహంలోకి చూస్తూ కొడుతుంది. ఊరు, వయసు, తండ్రి పేరు అని అడుగుతుంటే జవాబు పూర్తయ్యేలోపే టకటకమని పడిపోతుంది. అందుకే ఆ పేరు.

"ఏదైనా మందు పడదా బాబూ నీకు?" అని అడిగింది వరసలో ఉన్నతన్ని. అతనేదో చెప్పాడు. అప్పుడు చూసింది కోడలు. టకటకమ్మ కుడిచేతి చిటికెన వేలు కీబోర్డు చివరిదాకా వెళ్లి, దాటి, ఉత్త బల్ల మీద టక్కున కొట్టింది. గాల్లో ఒక్క క్షణం అలాగే ఆగింది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి వచ్చేసింది.

నిజమే పాపం, అనుకుంది కోడలు. మేనేజరుగారి కాగితం మీద రాసినది కళ్లముందే కనపడితే నమ్మక ఏం చేస్తుంది? టీ చల్లారిపోతోందని మెట్లు దిగి వెళ్లిపోయింది.

*

మంగళవారం పొద్దున్నే టేపు ఎక్కించింది. పని చిన్నదే. ఏడో నంబరు ఎక్కించిన రికార్డులన్నీ తీయాలి, చివరి గడిలో మందు పేరు ఉండి 'పడదు' అన్న మాట లేనివాటిని లెక్కపెట్టాలి. ఒక్కో రోగికి ఎనభై అక్షరాల వరస. అరవై వరకూ పేరూ ఊరూ వగైరా, అరవై ఒకటి నుంచి ఎనభై దాకా ఇరవై అక్షరాలు డాక్టరు చెప్పిన ముక్కకి. ఆ రోజుల్లో టేపు మీద జాగా బంగారం. ఇరవై ఇచ్చారంటేనే ధారాళంగా ఇచ్చినట్టు.

ముందుగా మెకానిక్కుదే తీసింది, మచ్చుకి. ఆకుపచ్చ తెర మీద అక్షరాల వరస పైన, ఒక్కో అక్షరం కింద దాని అంకె.

ఈ అంకెల సంగతి కోడలికి అన్నం పెట్టే సంగతి. కంప్యూటర్ కడుపులో అక్షరాలుండవు, అంకెలే ఉంటాయి. సున్నా నుంచి రెండువందల యాభై ఐదు దాకా ఏ అంకెకి ఏ అక్షరమో ముందే ఒప్పందం. చిక్కేమిటంటే పాత యంత్రాల ఒప్పందం వేరు, కొత్తవాటిది వేరు. ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో మొదటిది పాతదానికి నూట తొంభై మూడు, కొత్తదానికి అరవై ఐదు. ఖాళీ జాగా పాతదానికి అరవై నాలుగు, కొత్తదానికి ముప్ఫై రెండు. అందుకని ఒకదాన్నుంచి ఇంకోదానికి సరుకు మార్చేటప్పుడు మధ్యలో ఒక పట్టిక పెట్టాలి. రెండువందల యాభై ఆరు గడులు. పాత అంకె గడి నంబరు, గడిలో రాసింది కొత్త అంకె. ఆ పట్టిక నింపింది కోడలే. రెండు వారాలు కూర్చుని నింపింది. పన్నెండు రోజుల కిందట లక్షలాది రికార్డులు ఆ పట్టికలోంచి జల్లెడలోంచి పిండిలా దిగి కొత్త యంత్రాల్లోకి వెళ్లాయి. ఆ రోజు మూడో అంతస్తులో మిఠాయి పంచారు. ఆమె దాకా రెండు ముక్కలు వచ్చాయి.

ఇప్పుడు తెర మీద అరవై ఒకటో అక్షరం దగ్గర ఆమె చూపు ఆగిపోయింది.

కొత్త తెర మీద అక్కడ ఖాళీ ఉంది. ఇక్కడ ఖాళీ లేదు. చిన్న అడ్డగీత ఉంది, కుడి చివర కిందికి దిగిన బుల్లి తోకతో. దాని కింద అంకె తొంభై ఐదు. ఆ వెంటనే మందు పేరు.

ఆ గుర్తు ఏమిటో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. పాత యంత్రం మీద ప్రోగ్రాములు రాసేవాళ్లకి అది 'కాదు' అనే గుర్తు. ఇది అది కాకపోతే, వీడు లోపల లేకపోతే, అని రాయాల్సినప్పుడల్లా వాడే గుర్తు. ఆమె చేత్తో వేలసార్లు కొట్టి ఉంటుంది. గుర్తూ మందు పేరూ కలిపి చదివితే అర్థం దానంతటదే వచ్చేసింది. ఈ మందు కాదు. ఈ మందు ఇవ్వకూడదు.

ఆ పైన చూడవలసింది ఏమిటో ఆమెకి అప్పటికే తెలిసిపోయింది. పట్టిక తీసింది. తొంభై ఐదో గడి. కొత్త యంత్రాల ఒప్పందంలో ఈ గుర్తుకి చోటే లేదు. చోటు లేని గుర్తులు ఓ నలభై దాకా తగిలితే ఒక్కోదానికీ ఆలోచించి ఆలోచించి ఏదో ఒకటి ఇచ్చింది. దీని దగ్గరికి వచ్చేసరికి, ఇది మా ప్రోగ్రామర్లు వాడుకునేది, రోగుల వివరాల్లో దీనికేం పని అనుకుంది. ముప్ఫై రెండు వేసింది. ఖాళీ. పక్కన వివరణ కూడా రాసింది, బుద్ధిగా: 'డేటాలో వాడుక లేదు.'

ఇవ్వకూడదు అని ఇరవై రెండేళ్లపాటు ఒక మనిషి రాసుకుంటూ వస్తే, తను ఒక్క గడిలో ఒక్క అంకె వేసి అన్నింటినీ ఇవ్వండి అని మార్చేసింది.

చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లెక్కింది. ఆ తర్వాత మూడు గంటలు ఏం జరిగిందో ఆమెకే సరిగా గుర్తులేదు. పాత రోగుల చివరి గడి ఎవరూ నమ్మొద్దని వార్డువార్డుకీ ఫోన్లు వెళ్లాయి. హెడ్ సిస్టర్ స్వయంగా ప్రతి తెర మీదా కాగితం అంటించింది. కోడలు పట్టిక సరిచేసి, ఆ గుర్తు వచ్చిన ప్రతిచోటా 'ఇవ్వకూడదు' అని పూర్తి మాట పడేలా ప్రోగ్రాము తిరగరాసి, టేపులన్నీ మళ్లీ తిప్పింది. సాయంత్రం నాలుగుకల్లా కొత్త తెరలన్నీ నిజం చెప్పడం మొదలుపెట్టాయి. పన్నెండు రోజుల్లో ఎవరికీ ప్రమాదం జరగలేదు. ఆ మెకానిక్కు అక్క కాళ్లకి దణ్ణం పెట్టాలనిపించింది ఆమెకి.

యంత్రం తిరుగుతున్నంతసేపూ ఊరికే కూర్చోలేక అసలు అడిగిన లెక్క కూడా తీసింది. ఏడో నంబరు ఎక్కించిన రికార్డులు నాలుగు లక్షల పన్నెండు వేల చిల్లర. వాటిలో అరవై ఒకటో అక్షరం తొంభై ఐదు ఉన్నవి పదకొండు వేల మూడువందల ఆరు. మిగతా డెబ్భై తొమ్మిది చోట్లలో ఎక్కడైనా తొంభై ఐదు పడినవి సున్నా. గుర్తు పెట్టి మందు పేరు మర్చిపోయినవి, మందు పేరు పెట్టి గుర్తు మర్చిపోయినవి కూడా సున్నా.

తన ప్రోగ్రాములోనే ఏదో పొరపాటుందనుకుని మళ్లీ తిప్పింది. సున్నా, సున్నా. మనిషన్నాక వేలు జారదా? పక్కవాళ్లెవరో పిలవరా, కరెంటు పోదా, జ్వరం రాదా? కోడలు ఒక పేజీ రాస్తే ఇరవై చోట్ల దిద్దుకుంటుంది. ఈవిడ ఇరవై రెండేళ్లపాటు, అరవై అక్షరాలు దాటగానే, కచ్చితంగా అరవై ఒకటో జాగాలో, పదకొండు వేలసార్లు, ఒక్కసారి కూడా పక్కకి జరగకుండా పెట్టుకుంటూ పోయింది. జాబితా తెర మీద పైకి పాకుతోంది. పేర్లు పొడుగూ పొట్టీ, ఊళ్లు రకరకాలు, ఆ గుర్తులు మాత్రం పైనుంచి కిందిదాకా ఒకే నిలువు గీత. కోడలు చేతులు ఒళ్లో పెట్టుకుని ఆ గీతని అలా చూస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్లుగా ఈ యంత్రం తనదే అనుకుంటోంది. దీని లోపల ఇంత పని ఉందని తనకే తెలియదు.

ఆరింటికి మేనేజరుగారు ఫోను చేశాడు. కిందికి రాలేదు. "సాంకేతిక సవరణ జరిగిందని నోటు పెట్టేశాను. గుట్టుచప్పుడు కాకుండా అయిపోయింది, మంచిదే."

"మరి శుక్రవారం విచారణ?"

"అది అలాగే ఉంటుంది. ఆవిడ మాటల్లో రాయకుండా ఏదో పిచ్చిగీత ఎందుకు పెట్టినట్టు? నిబంధనల్లో ఉందా? లేదు. తప్పు తప్పే." కాస్త గొంతు తగ్గించాడు. ఆయన దుర్మార్గుడేం కాదు, కొత్త యంత్రాలు ఆయన పరువు. "చూడమ్మా, గడి సరిచేశావు, రోగులకి భయం లేదు. ఇంక నీ గడి సంగతి ఎవరికి కావాలి? ఆవిడకి మిగిలింది ఎనిమిది నెలలు. నీకింకా ఇరవై ఏళ్ల సర్వీసుంది. ఆలోచించుకో."

*

బుధవారం మధ్యాహ్నం కిటికీ మూసే వేళకి కోడలు టకటకమ్మ దగ్గరికి వెళ్లింది. అంతా చెప్పేద్దామనే వెళ్లింది. టకటకమ్మ స్టీలు డబ్బా విప్పుకుని, తినకుండా మూత పక్కనే పెట్టుకుని కూర్చుంది.

"పిన్నిగారూ, ఆ మందు పేర్ల ముందు మీరొక గుర్తు పెట్టేవారు కదా."

టకటకమ్మ తలెత్తింది. "కొక్కెమా? నీకెలా తెలుసమ్మా?"

"పాత తెర ఉందిగా నా దగ్గర. అసలు అదెందుకు మొదలుపెట్టారు?"

"ఎందుకేముంది, జాగా లేక. మందు పేరే పంతొమ్మిది అక్షరాలుండేది ఒక్కోటి. ఇవ్వకూడదు అని ఎక్కడ రాయను? పేరు సగానికి విరిస్తే ఇంకో మందైపోతుంది. అప్పట్లో ఒక పెద్దాయన ఉండేవారు, డాక్టరు. ఆయనా నేనూ కూర్చుని కీబోర్డంతా వెతికాం. ఈ చివర ఒక కీ ఉండేది, ఎవ్వరూ ముట్టుకునేవాళ్లు కాదు దాన్ని." ఆమె చిటికెన వేలు తనకు తెలియకుండానే కీబోర్డు దాటి ఉత్త బల్ల మీదికి వెళ్లింది. "కొక్కెంలా ఉంది, ఆపడానికి బాగుంటుంది అన్నారాయన. బొమ్మ గీసి ప్రతి వార్డులో తెర పక్కన అంటించారు. కొక్కెం ఉంటే ఆగు, అని. నర్సులందరికీ తెలుసు. ఆ నర్సులూ లేరు, ఆ తెరలూ తీసేశారనుకో. ఇప్పుడు మాటల్లోనే కొడుతున్నాను."

కోడలు ఆ వేలినే చూస్తోంది. కొత్త కీబోర్డుకి అక్కడ కీ లేదు. వణుకూ లేదు, అదుపు తప్పడమూ లేదు. ఇరవై రెండేళ్లు తిరిగిన దారి వెంట ఆ వేలు ఇంకా వెళ్తోంది, అంతే.

"మరి మేనేజరుగారితో ఇదంతా చెప్పలేదా?"

"చెప్పాను. కొక్కెం పెట్టాను బాబూ అన్నాను. కొక్కెమేంటమ్మా, బట్టలు తగిలించడానికా, అని నవ్వారు. తెర నావైపు తిప్పి చూపించారు." ఆమె పక్కనున్న మూత అటూ ఇటూ జరిపింది. "లేదమ్మా. నిజంగానే లేదు. నా కళ్లతో నేనే చూశాక ఇంకేం మాట్లాడను? పెట్టాననే అనుకున్నాను. మర్చిపోయానన్నమాట. పంపించేస్తే పంపించేయనీ, దానికేం. ఆ ఒక్కడిదే మర్చిపోయానా, ఇంకెంతమందివి మర్చిపోయానో! ఒక్కొక్కరి మొహాలూ గుర్తుకు తెచ్చుకుంటూ కూర్చుంటున్నాను. కొందరివి గుర్తు రావడం లేదు."

ఇప్పుడు చెప్పాలి. కోడలు నోరు తెరిచింది. కిటికీ బయట ఎవరో గాజు మీద తట్టారు, ఇంకా మూయలేదు కదా అని. టకటకమ్మ డబ్బా మూత పెట్టేసి, "రా నాయనా, పేరు చెప్పు" అంది. కోడలు లేచి వచ్చేసింది. తట్టినవాడి మీద నెపం పెట్టుకుంది గానీ, అది నెపమేనని ఆమెకి తెలుసు.

ఆ సాయంత్రం ఇల్లు చేరింది. ముందు గది మొగుడి కుట్టు దుకాణం, వెనక గది సంసారం. అతను బల్ల మీద గుడ్డ పరిచి సుద్దతో గీతలు పెడుతున్నాడు. ఎనిమిదేళ్ల కూతురు కింద కూర్చుని గుండీలు రంగురంగులుగా ఏరుతోంది.

"ఏంటి కోడలు పిల్లా, అత్తగారు సాధించిందా?" పాత యంత్రాన్ని అతను అత్తగారనే అంటాడు.

"నిన్నొకటి అడుగుతాను. కొలతలు సరిగ్గానే ఉండి, నువ్వు తప్పు కోశావనుకో. కొలతలిచ్చినావిడని అందరూ తిడుతున్నారు. అప్పటికే నువ్వు ఇంకో గుడ్డ తెచ్చి సరిగ్గా కుట్టిచ్చేశావు. ఏం చేస్తావు?"

అతను సుద్ద పక్కన పెట్టాడు. ఆమె మొహం చూసి వేళాకోళం మానేశాడు. "ఆవిడ మళ్లీ ఎప్పుడైనా కొలతలిచ్చేటప్పుడు, చెప్తున్న అంకె తనకే నమ్మకం లేకుండా చెప్తుంది కదా?"

"ఊఁ."

"మరి గుడ్డ ఇంకోటి కుట్టిస్తే ఏం లాభం?" అన్నాడతను, మళ్లీ సుద్ద తీసుకుంటూ. "కోసింది నేనని చెప్పక తప్పదు. సిగ్గు వేస్తుంది, వెయ్యనీ."

"నాన్నా, ఈ గుండీకి జత లేదు," అంది కూతురు.

*

గురువారం ఆమె పాత కాగితాల గదికి వెళ్లింది. అక్కడ పనిచేసే మనిషిని అందరూ దుమ్ము బాబాయ్ అంటారు. ముక్కుకి గుడ్డ కట్టుకుని, నిచ్చెన భుజాన వేసుకుని తిరుగుతుంటాడు.

"బాబాయ్, నాకు రెండువందల కేసు కాగితాలు కావాలి. ఇదుగో నంబర్లు."

"రెండువందలా? నామీద ఏమైనా కోపం ఉంటే తిట్టమ్మా, పోతుంది," అన్నాడు గానీ నిచ్చెన వేశాడు.

పదకొండు వేలలోంచి కళ్లు మూసుకుని ఏరినట్టు ఏరిన నంబర్లవి. యంత్రం లెక్క ప్రకారం గుర్తులు వరసలో ఉన్నాయి, సరే. అవి నిజమేనా? డాక్టరు పడదన్న మందుకే కొక్కెం పడిందా? అది యంత్రానికి తెలియదు, కాగితానికే తెలుసు. ఇద్దరూ నేల మీద చాప వేసుకుని కూర్చున్నారు. బాబాయ్ కాగితం మీద ఎర్రసిరా ముక్క చదువుతాడు, ఆమె జాబితాలో టిక్కు పెడుతుంది. కొన్ని కాగితాల మడతలు విప్పితే విరిగిపోతున్నాయి. కొన్నింటి మీద డాక్టర్ల రాత చూసి బాబాయ్, "ఇది రాతా, చీమల దండా? ఆ తల్లి ఎలా చదివి కొట్టిందో!" అన్నాడు.

యాభై, అరవై, డెబ్భై. ఒక్కటీ తేడా లేదు. డెబ్భై నాలుగో కాగితం దగ్గర బాబాయ్ ఆగాడు. "దీంట్లో ఎర్రసిరా లేదే?"

చివరికి దొరికిందా ఒక తప్పు? కోడలు కాగితం లాక్కుని చూసింది. డాక్టరు ఏ మందూ పడదని రాయలేదు, నిజమే. కానీ అట్టడుగున, పెన్సిల్తో, గింజల్లాంటి అక్షరాల్లో ఒక వరస ఉంది. 'కిటికీ దగ్గర అడిగాను. ఈ మందు పడదని తల్లి చెప్పింది. 07.'

సాయంత్రానికి రెండువందలూ అయ్యాయి. పెన్సిల్ వరస ఉన్నవి తొమ్మిది. డాక్టర్లు అడగడం మర్చిపోతే ఆవిడ అడిగింది. అది ఆవిడ పని కాదు. కాగితంలో ఉన్నది కొట్టడమే ఆవిడ పని. కిటికీ ముందు వరస తోసుకుంటూ నిలబడి ఉండగా, ఒక్కో మొహంలోకీ చూసి, ఏదైనా మందు పడదా నాయనా అని నాలుగు లక్షలమందినీ అడిగింది. రెండువందల్లో తొమ్మిదంటే మొత్తంలో ఎన్నో కోడలు మనసులోనే గుణించుకుంది. సుమారు ఐదువందలు. ఐదువందల మంది ప్రాణాలకి కాపలా కాసిన పెన్సిలు ముక్క. ఆ సంగతి ఆ ఐదువందల మందికీ తెలియదు, ఆస్పత్రికీ తెలియదు, బహుశా ఆవిడకీ లెక్క తెలియదు.

బాబాయ్ ముక్కుగుడ్డ విప్పేశాడు. ఆ తొమ్మిదింటినీ విడిగా పేర్చి ఆమె చేతికిచ్చాడు.

*

శుక్రవారం విచారణ గదిలో పొడుగు బల్ల. ఆ చివర సూపరింటెండెంటుగారు, జుట్టు నెరిసిన డాక్టరమ్మ. పక్కన హెడ్ సిస్టరు, మేనేజరుగారు. తలుపు దగ్గర విడిగా వేసిన కుర్చీలో టకటకమ్మ, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ సంచిలోపల దాచుకుని. వేలు ఎవరికీ కనపడకూడదని కాబోలు.

మేనేజరుగారు తన కాగితం చదివాడు. వయసు, చూపు, వేలు, నిబంధనల్లో లేని గుర్తు. చదవడం అయ్యాక సూపరింటెండెంటుగారు కోడలివైపు తిరిగింది. "లెక్క తీశావా అమ్మా? ఎన్ని తప్పులున్నాయి?"

"ఒకటండీ."

మేనేజరుగారు ఊపిరి వదిలాడు.

"ఒకటేనా? ఏ రికార్డులో?"

"రికార్డుల్లో కాదండీ. రికార్డులు మార్చే పట్టికలో. తొంభై ఐదో గడిలో. అది నింపింది నేను." ఆగకుండా చెప్పేసింది, ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనేమోనని. "ఆవిడ ప్రతిచోటా పెట్టారు. పదకొండు వేల మూడువందల ఆరు చోట్ల. నేనే అన్నింటినీ ఖాళీ చేశాను. ఎవరికీ అక్కర్లేని గుర్తనుకున్నాను. ఒక్కసారి కిటికీ దగ్గరికి వెళ్లి అడిగితే చెప్పేవారు. అడగలేదు."

ఆమె పట్టిక కాగితం బల్ల మీద పెట్టింది, పక్కన తన రాతతో ఉన్న వివరణతో సహా. జాబితా పెట్టింది. ఆ తర్వాత తొమ్మిది పాత కాగితాలు పెట్టింది. "ఇవి కూడా చూడండి. వీటిల్లో డాక్టర్లు రాయలేదు. కింద పెన్సిల్తో ఉంది."

సూపరింటెండెంటుగారు ఒక్కోటీ తీసి చదివి పక్కన పెడుతోంది. ఆరోది తీసి పక్కన పెట్టలేదు. దగ్గరికి పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టి చూసింది. కళ్లజోడు తీసింది.

"ఈ పైన ఉన్న రాత నాది," అంది మెల్లగా. "ఉద్యోగంలో చేరిన కొత్తలో. అడగనేలేదన్నమాట నేను." టకటకమ్మ వైపు చూసింది. "ఈ పిల్లకి మర్నాడు ఆపరేషను చేశాం. నాకు గుర్తుంది. మందు మార్చమని వార్డులోంచి ఎవరో చెప్పారు. ఎందుకు మార్చారో నేనెప్పుడూ అడగలేదు."

"ఎర్ర గౌనేసుకుని వచ్చింది," అంది టకటకమ్మ. "వాళ్లమ్మ చెప్పింది."

సూపరింటెండెంటుగారు లేచి నిలబడింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలియనట్టు బల్ల అంచు పట్టుకుని నిలబడింది. హెడ్ సిస్టరూ లేచింది. వాళ్లు లేచాక కూర్చుంటే బాగుండదని మేనేజరుగారూ లేచాడు.

టకటకమ్మ వాళ్లెవరినీ చూడటం లేదు. కోడల్నే చూస్తోంది. ఆ చూపులో కోపం కోసం వెతికింది కోడలు, దొరికితే కాస్త తేలికపడదామని. దొరకలేదు.

"అయితే నేను మర్చిపోలేదన్నమాట," అంది టకటకమ్మ.

"లేదు పిన్నిగారూ."

"ఒక్కరిది కూడా?"

"ఒక్కరిది కూడా."

సంచిలోంచి రెండు చేతులూ బయటికి తీసి, ఎవరివో పరాయివి చూసుకున్నట్టు తిప్పి తిప్పి చూసుకుంది. తర్వాత మొహం కప్పుకుంది.

కోడలికి మెమో వచ్చింది. రావాల్సిన ప్రమోషను ఏడాదిపాటు ఆపారు. మేనేజరుగారు ఆమెతో ఫోన్లో తప్ప మాట్లాడటం మానేశాడు, అది మాత్రం పెద్ద నష్టంగా అనిపించలేదు. టకటకమ్మ మీద రాసిన కాగితాన్ని సూపరింటెండెంటుగారు నాలుగు మడతలు పెట్టి తన సంచిలో వేసుకుందని హెడ్ సిస్టరు చెప్పింది.

సోమవారం పొద్దున్న కిటికీ తెరవకముందే కోడలు ఒక కీబోర్డు చంకన పెట్టుకుని పైకి వచ్చింది. పాత సామాన్ల గదిలో దొరికింది. మిగతావాటికన్నా కాస్త పొడుగుది, కుడి చివర ఎవరూ వాడని కీ ఒకటి ఎక్కువుంది. దుమ్ము తుడిచి, తగిలించి, కిందికి వంగి తీగ సర్దింది. ఆ కీ కోసం ఆదివారమంతా కూర్చుని నాలుగు వరసల ప్రోగ్రాము రాసింది. మూడుసార్లు పరీక్ష చేసుకుంది. ఈసారి ఎవరినీ అడక్కుండా ఊహించుకున్నది ఒక్క అక్షరం కూడా లేదు. ఏం పడాలో శనివారమే వచ్చి టకటకమ్మని అడిగి రాసుకుంది.

కిటికీ తెరిచారు. వరసలో మొదట ఒక ముసలాయన, చెవిలో దూది. ఊరు, వయసు, తండ్రి పేరు. టకటకమని పడిపోతున్నాయి.

"ఏదైనా మందు పడదా పెద్దాయనా మీకు?"

ఆయన ఒక పేరు చెప్పాడు. టకటకమ్మ ఆయన మొహంలోకే చూస్తోంది. చిటికెన వేలు తన దారిన తను కుడివైపుకి వెళ్లింది. కోడలు గోడకి ఆనుకుని చూస్తోంది.

వేలి కింద కీ ఉంది. టక్కుమంది. తెర మీద ఇవ్వకూడదు అన్న మాట పూర్తిగా, ఒక్క అక్షరం తగ్గకుండా పడింది.

టకటకమ్మ చేతులు ఒక్క క్షణం ఆగాయి. తెర వంక చూసింది, పనిలో ఉండగా బహుశా ఎన్నో ఏళ్లకి మొదటిసారి. తర్వాత ముసలాయన వైపు తిరిగి, "మందు పేరు ఇంకోసారి చెప్పండి, సరిగ్గా రాసుకుంటాను" అంది.